మా లాడ్జి తలుపు నెత్తినెక్కిన డోర్ క్లోజర్‌కి

అయ్యా క్లోజరూ, వదిలిన తలుపుని దానంతటదే మూసుకునేలా చేసే పెట్టె,

నమస్కారం పెడదామంటే రెండు చేతులూ ఖాళీగా లేవు, ఒక చేత్తో నీ తలుపు పట్టుకుని నిలబడున్నా. తిరుపతి బస్టాండు దగ్గర లాడ్జిలో రిసెప్షన్ చూసుకునేవాణ్ణి. జీతం ఓనరు ఇస్తాడు గానీ చాకిరీ మాత్రం నీకే.

రాత్రి ఒంటిగంటకి ఏదో ఒక కుటుంబం బయలుదేరుతుంది. పాపం ఐదుగురూ చెప్పులు చేత్తో పట్టుకుని, పక్క గదుల వాళ్లు లేస్తారేమోనని గుసగుసగా మాట్లాడుకుంటూ, పిల్లి అడుగులేసుకుంటూ పోతారు. చివరివాడు తలుపు వదలగానే నువ్వు ఢామ్మంటావు. 101లో వాళ్లు లేస్తారు, 102లో పసిబిడ్డ లేస్తుంది, తర్వాత అందరూ కలిసి నన్ను లేపుతారు.

పోనీ నీ స్వభావమే అంత అని సర్దుకుపోదామా అంటే అదీ లేదు. మే నెలలో పడమటెండ వీపు మీద పడిందా, లోపల నూనె పల్చబడి మనుషుల మడమల మీదికి ఉరుకుతావు. డిసెంబరు తెల్లవారుజామున అదే నూనె చిక్కబడి, తలుపు జానెడు దూరంలో ఆగిపోతుంది. ఆ సందులోంచి వీధికుక్క దర్జాగా వచ్చి సోఫాలో పడుకుంటుంది, అడ్వాన్సు కట్టినట్టు.

నీ ఒంటికి రెండు స్క్రూలున్నాయని, పక్కనే 1, 2 అని అంకెలు కూడా వేసున్నాయని నాకు తెలిసింది మొన్న. ఒకటి తలుపు బారుగా తిరిగొచ్చే వేగానికి, రెండోది చివర్లో లాకు పడే ఆ కాస్త దూరానికి. కుడికి తిప్పితే నెమ్మది, ఎడమకి తిప్పితే జోరు. ఇంతే! ఇది తెలియక సందులో తువ్వాలు కుక్కాం, హ్యాండిల్‌కి తాడు కట్టాం, చివరికి గడప దగ్గర ఇటుక పెట్టాం (ఏసీ చల్లదనమంతా రోడ్డు మీద ఆటోవాళ్లకి). ఆయుధపూజకి నీకు బొట్టు కూడా పెట్టాం. స్క్రూడ్రైవరుకి పెట్టలేదు, తప్పు అక్కడే జరిగింది.

నీ ముందున్నవాడి కథ నీకు తెలియాలి. 40 కిలోల తలుపుకి సరిపోయే సైజు వాణ్ణి, చవగ్గా వచ్చాడని ఓనరు తెచ్చి ఇంత బరువు తలుపుకి బిగించాడు. లాకు దాకా లాక్కురాలేకపోయేవాడు. బాగు చేస్తానని వచ్చిన ఎలక్ట్రీషియను, జోరు పెంచాలని స్క్రూని ఎడమకి తిప్పి, తిప్పి, ఇంకా తిప్పి బయటికే తీసేశాడు. నూనంతా డోర్‌మ్యాట్ మీద కారింది. నూనె పోయాక ఇంక చేసేదేముంది, గోవిందా.

అందుకే నీ దగ్గర జాగ్రత్తపడ్డా. నిన్న మధ్యాహ్నం స్టూలెక్కి, గడియారం ముల్లు ఏడెనిమిది నిమిషాలు జరిగినంత మాత్రమే కుడికి తిప్పడం, దిగడం, తలుపు బార్లా తీసి వదలడం, మళ్లీ ఎక్కడం. వికలాంగులకి ఇబ్బంది లేకుండా అమెరికాలో ఒక రూలుంది, 90 డిగ్రీల నుంచి 12 డిగ్రీలకి రావడానికి కనీసం 5 సెకన్లు పట్టాలని. నాకు స్టాప్‌వాచీ ఎందుకు? "ఏడుకొండలవాడా వెంకటరమణా గోవిందా గోవింద" అని నింపాదిగా ఒకసారి అనుకుంటే అయిదు సెకన్లు. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కొచ్చిన పెద్దావిడ మోకాళ్లకి రెండు గోవిందలు కావాలి, కాబట్టి రెండు పెట్టా. తర్వాత రెండో స్క్రూ. ఆరోసారికి లాకు 'టిక్' అని పడింది. ఆ చప్పుడికి, నిజం చెప్తున్నా, నాకు కళ్లు చెమర్చాయి.

రాత్రి ఒంటిగంటకి ఒక కుటుంబం వెళ్లింది. టిక్. ఎవరూ లేవలేదు.

ఇటుక తీసుకెళ్లి మేడ మీద పెట్టి వచ్చా. పొద్దున చూస్తే మళ్లీ గడప దగ్గరే ఉంది. "తలుపు మరీ మెల్లగా పడతాంది సార్, చెడిపోయిందేమోనని పెట్టినా" అన్నాడు రూమ్ బాయ్.