కూలి లెక్క, పాలు లెక్క

హైదరాబాద్ శివారు బహదూర్‌పల్లిలో ఒకప్పుడు సత్యం కంప్యూటర్స్ ఇంజనీర్లు తిరిగిన ఆవరణలో ఇప్పుడు మహీంద్రా విశ్వవిద్యాలయం విద్యార్థులు తిరుగుతున్నారు. 2009 జనవరి 7న సత్యం అధినేత రామలింగరాజు కంపెనీ లెక్కల్లో మోసాన్ని ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం బయటపడ్డాక తెలుగునాట ఎన్ని ఇళ్లలో ముద్ద దిగలేదో ఆనాటి వారికి గుర్తుండే ఉంటుంది. పులి మీద స్వారీ చేస్తున్నానని, దిగే దారి తెలియలేదని ఆయన ఆ ఉత్తరంలో రాసుకున్నారు. పులి ఆయనతో పాటు కంపెనీని కూడా మింగేస్తుందనే అందరూ అనుకున్నారు. అలా జరగలేదు. కేంద్రం పాత బోర్డును తప్పించి కొత్త డైరెక్టర్లను నియమించింది. మూడు నెలలు తిరిగేసరికి, ఏప్రిల్ 13న, టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయల ధరతో 31 శాతం వాటాను గెలుచుకుంది. పోటీకి వచ్చిన ఎల్ అండ్ టీ 45 రూపాయల 90 పైసల దగ్గర ఆగిపోయింది. 2013 జూన్‌లో రెండు కంపెనీలూ ఒకటయ్యాయి.

సత్యం పేరెత్తితే మనకు మోసమే గుర్తొస్తుంది. కొన్నవాడి కథ అంతగా గుర్తుండదు. సాఫ్ట్‌వేర్ సేవల కంపెనీలు దారి వెతుక్కుంటున్న ఈ రోజుల్లో అదే ఎక్కువ పనికొచ్చే కథ. టెక్ మహీంద్రా 1986లో మహీంద్రా, బ్రిటిష్ టెలికాంల ఉమ్మడి సంస్థగా పుట్టింది. భాగస్వామే పెద్ద ఖాతాదారు కూడా. పుట్టిన నాడే పని దొరికింది, టెలికాం విద్య పట్టుబడింది. కానీ 20 ఏళ్లు దాటినా ఆదాయంలో సగానికి పైగా ఆ ఒక్క గుమ్మం నుంచే వచ్చేది. లండన్‌లో పద్దులు బిగిస్తే పుణెలో ప్రాజెక్టులు ఆగే పరిస్థితి. పరువు పోయిన సత్యాన్ని తలకెత్తుకోవడం వెనుక ఉన్న లెక్క ఇదే. బ్యాంకులు, తయారీ సంస్థలు, అమెరికా ఖాతాదారులు... తన దగ్గర లేనివన్నీ సత్యం దగ్గర ఉన్నాయి. చివరికి 2012లో బ్రిటిష్ టెలికాం తన వాటాను పూర్తిగా అమ్ముకుని వెళ్లిపోయింది. అప్పటికి ఆ లోటు తట్టుకునే బలం టెక్ మహీంద్రాకు వచ్చింది.

ఇప్పుడు మళ్లీ పొత్తుల కాలం. క్లౌడ్ కంపెనీలతో, చిప్ కంపెనీలతో, కృత్రిమ మేధ సంస్థలతో మన ఐటీ దిగ్గజాలు చేతులు కలపని వారం లేదు. 'వ్యూహాత్మక భాగస్వామ్యం' అన్న మాట మా వాణిజ్య పేజీ డెస్కుకు ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాం. ప్రకటనలో పేర్లు మార్చితే ఎవరిది ఎవరిదో పోల్చుకోలేం. ఇన్ని వేల మందికి ఫలానా సాధనంలో శిక్షణ ఇస్తాం అన్న వాక్యం మాత్రం అన్నింట్లోనూ ఉంటుంది. ఆ పొత్తులో పంట ఎవరి గాదెకు చేరుతుందన్న వాక్యం మాకు ఇంతవరకు కనిపించలేదు.

పల్లెటూరి మనిషికి ఈ వ్యవహారం చెప్పడం సులువు. పొలం పని మూడు రకాలుగా సాగుతుంది: కూలికి, గుత్తకు, పాలుకు. రోజుకింత అని ఇస్తే కూలి. మొత్తం కోతకు ఇంత అని మాట్లాడుకుంటే గుత్త. పండినదాంట్లో వంతు తీసుకుంటే పాలు. మన ఐటీ రంగం మొదటి రెండింటి మీదే ఎదిగింది. మనిషికి గంటకు ఇన్ని డాలర్లన్న బిల్లు మీదే సైబర్ టవర్స్ చుట్టూ ఒక నగరం లేచింది. ఇప్పుడు కృత్రిమ మేధ అనే కోత యంత్రం వచ్చింది. పది మంది రాసే కోడ్‌ను ఆరుగురితో రాయిస్తానంటోంది. యంత్రం తెచ్చిన కంపెనీయే ఇంకా తలల లెక్కన కూలి అడిగితే, మిగిలిన నలుగురి డబ్బు ఖాతాదారు జేబులో ఉండిపోతుంది. యంత్రం అద్దె దాన్ని తయారు చేసినవాడికి పోతుంది. మధ్యలో ఉన్న మన కంపెనీకి దక్కేది ఏమిటి?

పాలు లెక్క మనవాళ్లకు తెలియదని కాదు. పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో టోకెన్ పట్టుకుని కూర్చున్న ప్రతి ఒక్కరూ దాన్ని చూసినవారే. విదేశాంగ శాఖ తరఫున టీసీఎస్ కట్టిన ఆ వ్యవస్థలో ప్రతిఫలం కూర్చున్న మనుషుల సంఖ్యను బట్టి కాదు, తెమిలిన దరఖాస్తులను బట్టి వస్తుంది. ఇన్ఫోసిస్‌కు ఫినాకిల్ అనే సొంత బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్ ఉంది. ఆస్ట్రేలియా కంపెనీ ఒకదాన్ని 2005లో కొని టీసీఎస్ బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్‌ను సొంతం చేసుకుంది. ఐబీఎం వదిలించుకోదలచిన ఉత్పత్తులను 180 కోట్ల డాలర్లకు తీసుకుంటామని హెచ్‌సీఎల్ 2018లో ప్రకటించినప్పుడు మార్కెట్ పండితులు పెదవి విరిచారు. ఇవన్నీ సొంత చెక్క సంపాదించుకునే ప్రయత్నాలే. అయితే మొత్తం ఆదాయంలో వాటి వంతు ఇప్పటికీ చిన్నదే. పాలుకు చేస్తే పంట పోయిన ఏడు నష్టమూ భరించాలి. మూడు నెలలకోసారి లాభాల శాతం చూసి షేరు అమ్మేసే మదుపుదారుకు ఆ ఓపిక ఉండదు. ఇన్ఫోసిస్ 2025 సెప్టెంబరులో 18,000 కోట్ల రూపాయలతో షేర్ల బైబ్యాక్, అంటే తన షేర్లను తానే తిరిగి కొనడం, ప్రకటించింది. వాటాదారుల డబ్బు వారికి ఇవ్వడాన్ని తప్పుపట్టలేం. అంత సొమ్ముకు ఇంటిలోపల ఇంతకంటే మంచి ఖర్చు కనిపించలేదా అన్నదే మా సందేహం.

ఈలోగా ఖాతాదారులే ఊళ్లోకి వచ్చి ఇల్లు కట్టుకున్నారు. ఐటీ కంపెనీల సంఘం నాస్‌కామ్, సలహా సంస్థ జిన్నోవ్ 2024లో వేసిన లెక్క ప్రకారం విదేశీ కంపెనీల సొంత కేంద్రాలు దేశంలో 1,700 దాటాయి, వాటిలో 19 లక్షల మంది పనిచేస్తున్నారు. హైదరాబాద్‌కు వాటిలో పెద్ద వాటానే దక్కింది. అక్కడ ఉద్యోగానికిచ్చే హెచ్-1బీ వీసా కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలన్న అమెరికా 2025 నిర్ణయం తర్వాత ఈ వలస ఇంకా పెరిగితే ఆశ్చర్యం లేదు. ఉద్యోగార్థికి ఇది మేలే. దళారీ కంపెనీకి మాత్రం తలనొప్పి.

ఇన్ని పొత్తుల్లో ఎవరూ సంతకం అడగని భాగస్వామి ఒకరున్నారు. హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్ల అడ్డా అమీర్‌పేటకు వెళ్లండి. మెయిన్‌ఫ్రేమ్ బోర్డు మీద జావా, జావా మీద శాప్, దాని మీద క్లౌడ్, ఇప్పుడు కృత్రిమ మేధ. ప్రతి మలుపులోనూ కొత్త విద్య నేర్చుకునే ఖర్చు కంపెనీది కాదు, అనకాపల్లి నుంచో అచ్చంపేట నుంచో వచ్చి హాస్టల్‌లో నలుగురితో గది పంచుకునే కుర్రవాడిది, అప్పు తెచ్చిన అతని తండ్రిది. కంపెనీ మలుపు తిరిగిన ప్రతిసారీ ముందు కుదుపు తగిలేది వీరికే.

రెండో మౌన భాగస్వామి ప్రభుత్వం. ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2025 ఏప్రిల్‌లో విశాఖలో టీసీఎస్‌కు 21.16 ఎకరాలను 99 పైసల నామమాత్రపు ధరకు ఇవ్వడానికి ఒప్పుకుంది. ప్రతిగా వస్తాయన్నవి 12,000 ఉద్యోగాలు. మూడు నెలల తర్వాత అదే కంపెనీ ప్రపంచవ్యాప్తంగా తన సిబ్బందిలో 2 శాతాన్ని, అంటే ఇంచుమించు 12,000 మందిని తగ్గించుకుంటామని చెప్పింది. రెండు అంకెలూ కలవడం కాకతాళీయమే. విశాఖ తీరానికి పెద్ద కంపెనీ రావాలని మేమూ కోరుకుంటున్నాం. కానీ ఉద్యోగాల సంఖ్య ఒక్కటే రాయించుకుని భూమి ఇవ్వడం కూలి లెక్క నాటి అలవాటు. కొత్తగా చేరేవారికి సొంత ఖర్చుతో ఎన్ని నెలల శిక్షణ ఇస్తారు, స్థానిక కాలేజీలతో కలిసి ఏ పరిశోధన చేస్తారు, ఇక్కడ పుట్టిన సాఫ్ట్‌వేర్ మీద హక్కులు ఎవరివి అన్న మూడు వివరాలూ ఒప్పందంలో ఉండాలి. ఏటా శాసనసభ ముందుకు రావాలి. తెలంగాణకూ ఇదే వర్తిస్తుంది. భూమి పెట్టినవాడు పాలు అడగడానికి ఇంత మొహమాటం ఎందుకో మాకు అర్థం కావడం లేదు.