మా ఇంట్లో బద్ధకస్తులెవరూ లేరు

మా ఇంట్లో ఇప్పుడు బద్ధకస్తులు ఎవరూ లేరు. కోపిష్టులు లేరు, కుళ్ళుబోతులు లేరు, పిసినారులు అసలే లేరు. రెండు నెలల క్రితం వరకూ అన్ని రకాలూ ఉండేవాళ్ళు, అందులో రెండు రకాలు నేనే. మా బావమరిది రెండు రోజుల వర్క్‌షాప్‌కి వెళ్ళి లైఫ్ కోచ్‌గా తిరిగొచ్చాక అందరికీ ఒక్కసారిగా నయమైపోయింది. ఫీజు 18 వేలు నేనే సర్దాను కాబట్టి ఈ సంస్కరణలో నాకూ కాస్త వాటా ఉందని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

మొదటి వైద్యం నాకే. ఆదివారం పదకొండింటికి సోఫాలో పడుకుని రీల్స్ చూస్తుంటే మా ఆవిడ "ఎంత బద్ధకమండీ మీకు" అంది. వాడు వెంటనే అడ్డం పడ్డాడు. "అక్కా, అది బద్ధకం కాదు. బావకి డోపమిన్ డౌన్ అయింది, అంతే." అంటే మా నాన్న, మా లెక్కల మాస్టారు, నలుగురు మేనేజర్లు ఇన్నేళ్ళూ తిట్టింది నన్ను కాదు, ఒక రసాయనాన్ని. నాకు కళ్ళు చెమర్చాయి.

ఇంత ఉపకారం చేసిన పదార్థం గురించి నాలుగు ముక్కలు తెలుసుకుందామని చదవడం మొదలుపెట్టాను, అదే పొరపాటు. రీల్స్ ప్రకారం డోపమిన్ కుండలో నీళ్ళలాంటిది, ఫోన్ చూస్తే అడుగంటుతుంది, ఒక ఆదివారం ఫోన్ బీరువాలో పెడితే మళ్ళీ నిండుతుంది, దీన్నే డిటాక్స్ అంటారు. కానీ పార్కిన్సన్స్ జబ్బులో డోపమిన్ తయారుచేసే కణాలే చచ్చిపోతాయట, చెయ్యి వణుకుతుంది, అడుగు ముందుకి పడదు. నిజంగా అడుగంటడమంటే అదీ. డోపమిన్ మెదడులో కబుర్లు మోసే రసాయనమని చూపించిన ఆర్విడ్ కార్ల్‌సన్‌కి 2000లో నోబెల్ ఇచ్చారు. ఇంకొక శాస్త్రవేత్త, వుల్ఫ్రామ్ షుల్ట్జ్, కోతుల మెదడులో ఈ కణాలు ఎప్పుడు హుషారవుతాయో చూశాడు. పళ్ళరసం ఊరికే దొరికితే గంతేశాయి. దీపం వెలిగాకే రసం వస్తుందని కోతికి తెలిశాక దీపానికి గంతేసి, రసం వచ్చినప్పుడు ఏమీ పట్టనట్టు ఊరుకున్నాయి. దీపం వెలిగి కూడా రసం రాకపోతే పాపం చప్పబడిపోయాయి. దీనికి కోతులెందుకండీ, పెళ్ళి భోజనాలకి వెళ్ళే ఏ తెలుగువాణ్ణి అడిగినా చెప్పేవాడు. పూర్ణాల పళ్ళెం అవతలి వరసలో కనిపించినప్పుడు కలిగే ఆనందం మన విస్తట్లో పడ్డాక ఉండదు, మన దాకా వచ్చేసరికి పళ్ళెం ఖాళీ అయిందా, ఆ పెళ్ళివారితో ఇక మూడు తరాలు మాటలుండవు.

తర్వాత పర్సనాలిటీ టెస్ట్. వాడు పంపిన లింకులో నలభై ప్రశ్నలకి జవాబులు నొక్కితే ఫలితం వచ్చింది: 'మీరు పైకి ధైర్యంగా కనిపిస్తారు, లోపల మథనపడతారు. ఒక్కోసారి నలుగురిలో ఇట్టే కలిసిపోతారు, ఒక్కోసారి ఒంటరిగా ఉండాలనుకుంటారు. మీ శక్తిలో చాలా భాగం ఇంకా వాడుకోనేలేదు.' ఇరవయ్యేళ్ళ కాపురంలో మా ఆవిడ నన్ను ఇంత లోతుగా అర్థం చేసుకోలేదు. ఆ ఆనందంలో, ఎవరి గురించో చెప్పకుండా, మా అత్తగారికి చదివి వినిపించాను. "అచ్చం నా గురించే రాశారు నాయనా" అందావిడ. వాచ్‌మన్‌కి వినిపించాను, వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇస్త్రీ అబ్బాయి అయితే "శక్తి వాడుకోలేదు" దగ్గర ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి మరీ తలూపాడు, అప్పటికి నా చొక్కా కాస్త కాలింది కూడా. మా వీధి వీధంతా ఒకే మనిషి కాపురముంటున్నాడని ఆ రోజు తెలిసింది.

ఇదీ పాత సంగతేనట. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే సైకాలజీ మాస్టారు 39 మంది విద్యార్థులకి ఒక పరీక్ష పెట్టి, వారం తర్వాత తలా ఒక కాగితం చేతిలో పెట్టాడు. ఇది నీ మనస్తత్వం, ఎంతవరకు సరిపోయిందో అయిదుకి మార్కులు వెయ్యి అన్నాడు. సగటున 4.26 వేశారు. అందరికీ ఇచ్చింది ఒకే కాగితం, అందులోని వాక్యాలు చాలావరకు బజార్లో కొన్న జ్యోతిషం పుస్తకంలోంచి ఏరినవి! మా తాతగారు తిరునాళ్ళలో చిలక జోస్యం చెప్పించుకునేవారు. చిలకకి ఎంతో కొంత పద్ధతి ఉంది, ఒక్క చీటీ తీసి, ఒక్క వడ్లగింజ తిని, తిన్నగా గూట్లోకి పోయేది. పూర్తి రిపోర్ట్ కావాలంటే ప్రీమియం తీసుకోమనేది కాదు.

ఇంతలో ఫ్రిజ్ మీద చార్ట్ వెలిసింది. 21 రోజులు చేస్తే ఏ పనైనా అలవాటైపోతుందట. ఆ 21 ఎక్కడిదని తీగ లాగితే మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పుస్తకం దగ్గర తేలింది. ఆపరేషన్ అయినవాళ్ళు అద్దంలో తమ కొత్త ముక్కుకి అలవాటు పడడానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించాడు. రీల్స్ దాకా వచ్చేసరికి 'కనీసం' జారిపోయింది, ముక్కు కూడా. లండన్‌లో ఫిలిపా లాలీ అనే పరిశోధకురాలు, ఆవిడతో పనిచేసినవాళ్ళు 96 మందిని గమనించి, కొత్త పని అలవాటు కావడానికి ఎన్నాళ్ళు పడుతుందో లెక్క కడితే సగటు 66 రోజులు తేలింది, మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 దాకా.

మన దగ్గర ఈ ప్రయోగం ఏటా జరుగుతుంది, ఎవరూ గమనించరు గానీ. మాల వేసుకున్న స్వాములు 41 రోజులు తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం చేస్తారు, నేల మీద పడుకుంటారు, సిగరెట్ ముట్టరు, మందు ముట్టరు, ఎవరినీ పల్లెత్తు మాట అనరు. చార్ట్ ప్రకారం ఇది దాదాపు రెండు కోర్సులు, జన్మంతా నిలవాలి. మా వీధిలో ఒకాయన మాల తీసిన మర్నాడు ఏ షాపు ముందు కనిపించాడో నేను చెప్పను, వాళ్ళావిడే ఆశ్చర్యపోనప్పుడు మనకెందుకు. మెడలో మాల, ఒంటి మీద నల్లబట్టలు, పొద్దున్నే "స్వామీ" అని పిలిచే నలుగురు, ఇవన్నీ ఒకేసారి పోయాక ఆయన మాత్రం ఒక్కడే ఎంతకని మారి ఉంటాడు?

మా అబ్బాయిని కూడా వదల్లేదు. బొబ్బట్టు ముందు పెట్టి, పదిహేను నిమిషాలు ఆగితే రెండోది అన్నాం. స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ అనే సైకాలజిస్టు మార్ష్‌మాలో అనే మెత్తటి మిఠాయితో పిల్లలకి పెట్టిన పరీక్షే, నెయ్యి మాత్రం మనం అదనంగా వేశాం. నా మాట పూర్తి కాకముందే బొబ్బట్టు లేదు. "ఇంపల్స్ కంట్రోల్ లేదు బావా, ఐఐటీ కష్టం" అని తేల్చేశాడు కోచ్. "పోయినేడు సైకిల్ కొంటానని కొన్నావా నాన్నా?" అన్నాడు మావాడు, మూతి తుడుచుకుంటూ. అమెరికాలో రోచెస్టర్ యూనివర్సిటీవాళ్ళు 2013లో అచ్చయిన పరిశోధనలో సరిగ్గా దీన్నే చూశారు. ముందు ఇచ్చిన మాట తప్పిన పెద్దాయన చెబితే పిల్లలు సగటున మూడు నిమిషాలు ఆగారు, మాట నిలబెట్టుకున్నాయన చెబితే పన్నెండు. ఈ సంగతి మావాడికి తెలియనివ్వలేదు.

అన్నిటికంటే కష్టమైన కేసు మా ఆవిడ. మా అక్కకి పట్టుచీర కొని తనకి కొనలేదని మూడు రోజులు మాట్లాడలేదు. కోచ్ దాన్ని 'ఎవాయిడెంట్ ఎటాచ్‌మెంట్' అన్నాడు, అంటే దగ్గరివాళ్ళకి కూడా దూరంగా మసలే తత్వమట. ఆ పేరు మేరీ ఐన్స్‌వర్త్ పరిశోధనలోది, ఆవిడ చూసింది ఏడాది వయసు పిల్లల్ని, తల్లి గదిలోంచి వెళ్ళి మళ్ళీ వచ్చినప్పుడు ఏం చేస్తారా అని. మా ఆవిడకి నలభై రెండు. దీనికి మన భాషలో అలక అని చక్కటి మాట ఉంది. ఉక్రోషం వేరు, రోషం వేరు, ముభావం వేరు, నొచ్చుకోవడం ఇంకా వేరు. ముక్కూ మొహం తెలియనివాడి మీద కోప్పడొచ్చు గానీ అలగలేం. బతిమాలేవాళ్ళు ఉన్నారన్న నమ్మకం ఉంటేనే అలుగుతారు, అలిగినవాళ్ళు తలుపు వేసుకుంటారే తప్ప గడియ పెట్టుకోరు. పెళ్ళిలో అలకపాన్పు అని పెట్టి అల్లుడు ఎక్కడ కూర్చుని అలగాలో, దిగడానికి ఏం అడగాలో కూడా మన పెద్దలు ఏర్పాటు చేసేశారు. నేను 2005లో ఆ పాన్పు మీద కూర్చుని స్కూటర్ అడిగాను, మిక్సీ ఇచ్చారు. చీర కొన్నాను, ఎటాచ్‌మెంట్ ఆ సాయంత్రానికే కుదిరింది.

చీర ఖర్చుతో చెయ్యి ఖాళీ అయ్యి, నిన్న మా బావమరిదిని ఆ 18 వేలు అడిగాను. వాడు కళ్ళు మూసుకుని, మూడుసార్లు ఊపిరి పీల్చి వదిలి, "బావా, నువ్వు స్కార్సిటీ మైండ్‌సెట్‌లో ఉన్నావు, అందుకే డబ్బు నీ దగ్గరికి రావడం లేదు" అన్నాడు. డబ్బు నా దగ్గరికి రాకపోవడానికి కారణం వాడి జేబు అని నా అభిప్రాయం. మళ్ళీ అడిగితే, నేను తన బౌండరీస్ దాటుతున్నానన్నాడు.

ఈ లక్షణానికి మా నాన్న ఒకే ఒక్క మాట వాడేవారు. దాన్ని ఇక్కడ రాయలేను, మా బావమరిది ఇది చదువుతాడు, ట్రిగ్గర్ అవుతాడు, ఆ ట్రిగ్గర్‌కి మళ్ళీ ఇంకో వర్క్‌షాప్ ఉందట, 25 వేలు.