పావు అంగుళం ఇడ్లీ

వంటింట్లో ఇడ్లీ పిండి పులిసిందా లేదా అన్నది చిన్న విషయం. సంక్రాంతి బొమ్మల కొలువులో పెట్టే బుల్లి బొమ్మ ఇడ్లీకి ఏ క్లే వాడాలన్నది మాత్రం ఆషామాషీ వ్యవహారం కాదు. మా ఇంట్లో నెల రోజులుగా దీని మీదే చర్చలు. ఈలోగా టిఫిన్లు ఆగిపోయాయి.

బొమ్మరింటి కొలత ఒకటికి పన్నెండు. అంటే మూడంగుళాల ఇడ్లీ పావు అంగుళానికి దిగుతుంది. ఆమాత్రం దానికి చెరువు మట్టి చాలదా అన్నాను. లక్కపిడతల్లో ఇసుకనే అన్నంగా వండుకున్న తరం నాది. మా ఆవిడ నా వైపు జాలిగా చూసింది.

ముందు ఎయిర్ డ్రై క్లే వచ్చింది. గాలికే ఆరుతుంది, ఆరుతూ ఆరుతూ కుదించుకుపోతుంది. రాత్రి గారె అనుకుని పడుకుంటే తెల్లారేసరికి చొక్కా గుండీ. పైగా పగుళ్లు.

తర్వాత కోల్డ్ పోర్సిలిన్. పేరు దొరల బంగళాలోది, సరుకు మన వంటింట్లోది: కార్న్‌ఫ్లోర్, తెల్ల జిగురు, నాలుగు చుక్కల బేబీ ఆయిల్. మంచూరియా కోసం తెచ్చిన డబ్బా ఖాళీ అయింది. దాంతో చేసిన లడ్డూలను రాత్రికి రాత్రి ఎలుక తినేసింది. ఇంతవరకూ మా ఇంటి మినియేచర్ వంటను రుచి చూసి మెచ్చుకున్నది అదొక్కటే.

చివరికి పాలిమర్ క్లే ఖాయమైంది. పేరులో మట్టి ఉంది గానీ ఒంట్లో లేదు. అది పీవీసీ, సింకు కింద పైపుకి దగ్గర చుట్టం. కంపెనీని బట్టి 110 నుంచి 130 డిగ్రీల్లో అరగంట ఓవెన్‌లో ఉండాలి. అసలు ఇడ్లీ పన్నెండు నిమిషాల్లో ఉడుకుతుంది. మాడితే వచ్చే పొగ మంచిది కాదని ఓవెన్‌కి థర్మామీటర్ కొన్నాం. (మనుషుల జ్వరం చూసేది పగిలి ఏడాదైంది.) ఇక ఆ ఓవెన్‌లో తిండి వండకూడదట. ఆ ముచ్చటా తీరిపోయింది.

ఉత్త తెలుపుతో చేస్తే ఇడ్లీ కలరా ఉండలా ఉంటుంది, కాస్త ట్రాన్స్‌లూసెంట్, అంటే వెలుతురు లీలగా దూరే రంగులేని క్లే, కలపాలి. పైన గరుకు రావాలంటే పాత టూత్‌బ్రష్‌తో పొడవాలి. నా బ్రష్ పాతబడిందని నాకు ఆ రోజే తెలిసింది.

నిన్న మా అత్తగారు ఫోన్ చేశారు.

"ఇడ్లీకి పాళ్ళెంత కలిపావే?"

"రెండు తెలుపు, ఒకటి ట్రాన్స్‌లూసెంట్, అమ్మా."

"మరి మినప్పప్పు నానబోయలేదా?"

నేను చెప్పులేసుకుని సందు చివర టిఫిన్ బండికి బయల్దేరాను.