మినహాయింపు దేని నుంచి?

‘ఈ విద్యార్థిని వ్యాయామ తరగతుల నుంచి మినహాయించవలసిందిగా సిఫారసు చేస్తున్నాను.’ కింద వైద్యుడి సంతకం, ముద్ర. చాలా విశ్వవిద్యాలయాల్లో ఈ ఒక్క వాక్యం అందగానే వ్యాయామ విభాగం బాధ్యత తీరిపోతుంది. ఇక సెమిస్టరంతా ఆ విద్యార్థి చోటు మైదానం అంచున ఉన్న బల్ల. తోటివారి సంచులకు కాపలా, చివర్లో ఏదో ఒక ఆట నియమాల మీద నాలుగు పేజీల వ్యాసం. క్రెడిట్లు వచ్చేస్తాయి. ఆరోగ్యం ఎలా ఉందని మాత్రం ఎవరూ అడగరు.

కదలకూడని పరిస్థితులు నిజంగానే ఉంటాయి. గుండె కండరం మందమయ్యే వ్యాధి ఉన్నవారిని వైద్యుణ్ని అడగకుండా పరుగు పందెంలో నిలబెట్టడం ప్రాణాలతో చెలగాటం. శస్త్రచికిత్స గాయం మానకముందే ఆటకు దింపడమూ అంతే. అందువల్ల మా అభ్యంతరం మినహాయింపు మీద కాదు, దాని అస్పష్టత మీద. మోకాలి గాయానికి, ఉబ్బసానికి, టైప్ 1 మధుమేహానికి ఒకే వాక్యం ఎలా సరిపోతుంది? మోకాలు దెబ్బతిన్నవారికి చేతులు, నడుము బాగానే ఉన్నాయి కదా! ఉబ్బసం అదుపులో ఉన్న విద్యార్థి ముందుగా నెమ్మదిగా ఒళ్లు వేడెక్కించుకుని, ఇన్‌హేలర్ దగ్గర ఉంచుకుంటే చాలా ఆటలు ఆడగలడు. మధుమేహం ఉన్న అమ్మాయికి కావలసింది చక్కెర స్థాయి చూసుకునే వ్యవధి, పడిపోతే నోట్లో వేసుకోవడానికి ఏదైనా తీపి, ఆ సంగతి తెలిసిన అధ్యాపకుడు.

ఊరికే ఉంచడం వల్ల వచ్చే నష్టం తక్కువేమీ కాదు. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఇరవై ఏళ్ల వయసున్న అయిదుగురు ఆరోగ్యవంతులను మూడు వారాలు మంచం దిగనివ్వకుండా పరీక్షించారు. శరీరం గరిష్ఠంగా ఆక్సిజన్‌ను వాడుకోగల సామర్థ్యం సగటున నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ముప్పయ్యేళ్ల తరవాత ఆ అయిదుగురినే మళ్లీ పరీక్షిస్తే, వయసు వల్ల తగ్గినది ఆ మూడు వారాల్లో పోయినదానికన్నా తక్కువని తేలింది. బల్ల మీద కూర్చోవడం మంచం పట్టడంతో సమానం కాదు, నిజమే. కానీ జబ్బు వల్ల ముందే తక్కువగా కదిలే మనిషిని తరగతిలోనూ కూర్చోబెట్టడం ఏ వైద్యం? ఒకప్పుడు గుండెపోటు వస్తే వారాల తరబడి పడుకోబెట్టేవారు. వైద్యశాస్త్రం ఆ పద్ధతిని వదిలేసి చాలాకాలమైంది. దీర్ఘకాలిక వ్యాధులు, వైకల్యం ఉన్నవారు ఎంత వ్యాయామం చేయాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో ప్రత్యేకంగా చెప్పింది కూడా. మైదానానికే ఈ కబురు ఇంకా అందలేదు.

దొంగ ధ్రువపత్రాల బెడద ఉందని అధ్యాపకులు వాపోతుంటారు. ఉంది. అయితే ఆ పత్రం కోసం పరుగెత్తేవారిలో అందరూ బద్ధకస్తులు కారు. లావుగా ఉన్నందుకో, బంతి పట్టలేనందుకో నలుగురిలో నవ్వులపాలైనవారూ ఉంటారు. వారి జబ్బుకు మందు వైద్యుడి దగ్గర లేదు, తరగతి నడిపే తీరులో ఉంది.

పూర్వపు సోవియట్ దేశాల విశ్వవిద్యాలయాల్లో వైద్య పరీక్షను బట్టి విద్యార్థులను విడదీసి, జబ్బులున్నవారికి ప్రత్యేక బృందం నడిపే పద్ధతి ఉంది. అక్కడా వ్యాసం రాయించుకుని పంపేయడం లేకపోలేదు, అయినా ఆ ఏర్పాటులోని ఆలోచన సరైనది. వైద్యుడికి ఖాళీ కాగితం కాకుండా ప్రశ్నలున్న పత్రం పంపాలి: ఏవి చేయకూడదు, ఏవి చేయవచ్చు, ఎన్నాళ్ల వరకు, మళ్లీ ఎప్పుడు చూపించాలి? జబ్బు పేరు అందులో రాయనక్కరలేదు, అది విద్యార్థి సొంత విషయం. జవాబులను బట్టి తరగతిని మలచడం వ్యాయామ అధ్యాపకుడి పని, అందుకు తగిన శిక్షణ, సమయం ఇవ్వడం విశ్వవిద్యాలయం పని.

ఈలోగా ఆ నాలుగు పేజీల వ్యాసాన్నయినా ఆపించాలి. నడుమునొప్పితో మినహాయింపు పొందిన విద్యార్థిని దానికోసం గంటల తరబడి కుర్చీలో కూర్చోబెడుతున్నారు.