కాటా పాడైంది వాళ్లది, పెనాల్టీ పడింది నాకు

ఇప్పుడే మెయిల్ చూశాను, ఒళ్లు మండిపోతోంది. మేం అట్టపెట్టెలు సప్లై చేసే ఓ పెద్ద కంపెనీ నుంచి డెబిట్ నోటు వచ్చింది. సరుకు ఒక రోజు ఆలస్యంగా చేరిందట, బిల్లులో అర శాతం కోసేశారు. కింద చిన్న అక్షరాల్లో ‘ఇది సిస్టమ్ ద్వారా తయారైన పత్రం, సంతకం అవసరం లేదు’ అని రాసి ఉంది. నా డబ్బు కొయ్యడానికి ఒక మనిషి సంతకం కూడా అవసరం లేదన్నమాట.

ఆ లోడు ఆలస్యం కాలేదు. బొబ్బిలి నుంచి మధ్యాహ్నమే బయల్దేరింది, సరుకు రవాణాకి తీసే ఈ-వే బిల్లు మీద టైము ఉంది. గడువు రోజు సాయంత్రానికే హైవే పక్కన వాళ్ల గేటు ముందు లారీ నిలబడింది. సెక్యూరిటీ వాళ్లు రిజిస్టర్లో బండి నంబరు రాసుకుని, చలానా వెనక స్టాంపు కొట్టి, పెన్నుతో 6:40 అని వేశారు. ఆ స్టాంపు ఫొటో నా ఫోన్లోనే ఉంది. తర్వాత డ్రైవర్ ఫోన్ చేశాడు. ‘కాటా పన్సెయ్యట్లేదంట బాబూ, రేపు పొద్దున్న తూస్తామంతన్నారు, ఏటి సెయ్యమంటారు’ అన్నాడు. ఏం చెయ్యమంటాను? రాత్రంతా దోమల్లో ఆ క్యాబిన్లోనే పడుకున్నాడు. హాల్టింగ్ డబ్బులు నేనే ఇచ్చాను. పొద్దున్న కాటా బాగయ్యాక తూకం వేసుకుని, సరుకు దించుకుని, తీరిగ్గా సరుకు ముట్టిందని రాసే రసీదు, అదే జీఆర్‌ఎన్ కొట్టారు. దాని మీద మర్నాటి తేదీ పడింది. వాళ్ల సిస్టమ్ చూసేది ఆ తేదీ ఒక్కటే. అది గడువుకి ఒక్క రోజు దాటితే చాలు, పెనాల్టీ దానంతట అదే పడిపోతుంది.

పర్చేజ్ సెక్షన్‌కి ఫోన్ చేశాను. మన వైపు కుర్రాడే, మంచివాడే. ‘సార్, రూల్ సిస్టమ్‌లో పెట్టేశారు, నా చేతిలో ఏమీ లేదు’ అన్నాడు. ఇదే నాకు కడుపు మండే మాట. రూల్ సిస్టమ్‌లో దానంతట అది మొలవలేదు కదా! ఎవరో ఒక మనిషి కూర్చుని ‘ఫలానా తేదీ దాటితే ఫలానా పని చెయ్యి’ అని పెట్టాడు. గేటు ఎంట్రీ తేదీ కూడా అదే సిస్టమ్‌లో ఉంది. అది వదిలేసి జీఆర్‌ఎన్ తేదీ ఎంచుకున్నది మనిషే. కాటా పాడైనా, స్టోర్స్‌లో మనిషి సెలవు పెట్టినా, దించడానికి కూలీలు లేకపోయినా, నష్టం మాత్రం గేటు బయట నిలబడ్డవాడికే పడేలా ఎంచుకున్నారు.

చట్టం ఇలా లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 67వ సెక్షన్ తీసి చూడండి. సరుకు తీసుకోవాల్సినవాడు తన వైపు నుంచి ఇవ్వాల్సిన సదుపాయం ఇవ్వకపోతే, దానివల్ల జరిగిన లోటుకి అవతలివాడు బాధ్యుడు కాడు. బ్రిటిష్ వాళ్ల కాలంలోనే ఈపాటి న్యాయం రాసి పెట్టారు. పెనాల్టీ సంగతి 74వ సెక్షన్‌లో ఉంది. అగ్రిమెంట్లో రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే, దానికి లోబడి సమంజసమైన పరిహారమే ఇప్పించాలి. ఆ ఒక్క రాత్రికి వాళ్ల ప్యాకింగ్ ఏమైనా ఆగిందా? ఆగలేదు. గోడౌన్ నిండా మా పెట్టెలే ఉన్నాయి, పాత సరుకు.

అసలు ఈ అగ్రిమెంట్ల తీరే అంత. నాకు నష్టం తెచ్చే ప్రతి ‘ఇలా అయితే’ షరతూ దానంతట అదే మోగుతుంది. నన్ను కాపాడాల్సిన ప్రతి ‘అయితే’కీ నేను లెటర్ రాయాలి, ఆధారాలు జత చెయ్యాలి, నలుగురు మేనేజర్ల వెనక తిరగాలి. క్రాఫ్ట్ పేపర్ రేటు సంగతే చెప్తాను. మా పెట్టె ఖర్చులో పెద్ద భాగం ఆ పేపరే. దాని ధర 5 శాతం కన్నా ఎక్కువ మారితే పెట్టె రేటు సవరించాలని అగ్రిమెంట్లో రాసుకున్నాం. పేపర్ ధర తగ్గినప్పుడు ఆ నెల ఆర్డర్‌లోనే కొత్త రేటు వచ్చేసింది, నన్నెవరూ అడగలేదు. పెరిగినప్పుడు మాత్రం ‘ఇరుపక్షాల అంగీకారంతో’ అన్న ముక్క చూపించారు. మిల్లు వాళ్ల ఇన్‌వాయిసులు పెట్టాను, లెటర్ పెట్టాను, ‘పరిశీలనలో ఉంది’ అన్నారు. అది పరిశీలనలో ఉన్నంత కాలం నేను పాత రేటుకే పెట్టెలు పంపాను. ఒకే వాక్యంలో తగ్గడానికో దారి, పెరగడానికో దారి!

అన్నిటికన్నా గుచ్చుకున్న సంగతి ఇంకోటి ఉంది. కిందటిసారి డ్రాఫ్టు వచ్చినప్పుడు, పేమెంట్ దగ్గర ‘జీఆర్‌ఎన్ తర్వాత 90 రోజులు’ అని ఉంటే కొట్టేసి 45 అని రాసి పంపాను. వాళ్ల ఆఫీసుకి వెళ్తే ఆ కుర్రాడే స్క్రీన్ తిప్పి చూపించాడు. నేను రాసిన 45 చుట్టూ ఎర్ర గడి. ‘60 కన్నా తక్కువ రోజులు పెడితే స్టాండర్డ్‌కి తేడా అని ఫ్లాగ్ అవుతుంది సార్, ఫైనాన్స్ హెడ్ అప్రూవల్‌కి వెళ్తుంది, తర్వాత లీగల్‌కి, తర్వాత మళ్లీ మొదటి నుంచి’ అన్నాడు. పక్కన వాళ్లు పెట్టుకున్న 90 మాత్రం పచ్చగా ఉంది.

చిన్న పరిశ్రమల కోసం తెచ్చిన 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ఏం చెప్తోంది? 15వ సెక్షన్: మాలాంటి చిన్న యూనిట్ దగ్గర సరుకు కొంటే, ఇద్దరూ కలిసి రాసుకున్నా సరే గడువు 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడు రెట్లు చొప్పున, నెలనెలా చక్రవడ్డీ కట్టాలని 16వ సెక్షన్. లెక్క మొదలయ్యేది ఏ రోజు నుంచో కూడా ఆ చట్టమే చెప్పింది. సరుకు నిజంగా అందిన రోజు నుంచి. 15 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే ఒప్పుకున్నట్టు లెక్క. జీఆర్‌ఎన్ ఊసు అందులో లేదు. అంటే చట్టప్రకారం సరైన అంకె వాళ్ల మెషిన్‌కి తప్పుగా కనిపిస్తోంది, చట్టానికి ఎదురున్న అంకె ఒప్పుగా కనిపిస్తోంది. ‘ఉద్యం నంబరు (చిన్న యూనిట్లకి ప్రభుత్వం ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు) ఉన్న సప్లయర్ అయితే, 45 దాటిన డ్రాఫ్టుని ఆపు’ అని ఒక్క రూల్ పెట్టడానికి ఎంతసేపు పడుతుంది? నా ఉద్యం నంబరు వాళ్ల వెండర్ ఫారంలో పైనే ఉంది. దాన్ని చూసి మోగే రూల్ ఒక్కటీ లేదు.

ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) వచ్చి, 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చినప్పుడు నేను ఎంత ఆశపడ్డానో మా ఇంట్లో వాళ్లకి తెలుసు. సూక్ష్మ, చిన్న యూనిట్లకి గడువులోగా డబ్బు కట్టకపోతే, కట్టిన సంవత్సరంలోనే ఆ ఖర్చు చూపించుకోవాలని కదా రూలు, ఇక టైముకి ఇస్తారనుకున్నాను. మరో కంపెనీ పెద్దమనిషి ఫోన్ చేసి, ‘మీ ఉద్యం రిజిస్ట్రేషన్ రద్దు చేసుకోండి, ఇద్దరికీ తలనొప్పి ఉండదు’ అన్నాడు. ఇద్దరికీనట! వాళ్లు ఎప్పుడిచ్చినా నేను మాత్రం వచ్చే నెల 20కి జీఎస్టీ కట్టాలి. చేతికి రాని డబ్బు మీద పన్ను. చిన్న యూనిట్ల బకాయిల తగువులు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళ్లొచ్చు కదా అంటారు తెలిసినవాళ్లు. వెళ్లొచ్చు. వెళ్లిన మర్నాటి నుంచి ఆర్డర్ ఉంటుందా? మా షెడ్డులో పనిచేసే ఆడవాళ్లకి శనివారం కూలి ఎవరిస్తారు?

ఇది మొదటిసారి కాదు కనకే ఇంత కోపం. తిత్లీ తుఫాను అప్పుడు మా బావకి జరిగింది నేను చచ్చేదాకా మర్చిపోను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుఫాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. అక్కడి తోటల ప్రాంతం ఉద్దానం మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, ఎటు చూసినా కొబ్బరి చెట్లు నేలమట్టం, జీడితోటలు వేళ్లతో సహా పైకి లేచిపోయాయి. కరెంటు స్తంభాలు ఒంగిపోయి పొలాల్లో పడున్నాయి. బావకి పలాసలో చిన్న జీడిపప్పు యూనిట్. షెడ్డు రేకులు ఎగిరిపోయి, బస్తాల్లో పిక్కలు తడిసి ముద్దయ్యాయి. బయటి రాష్ట్రం పార్టీకి సరుకు పంపాల్సిన గడువు ఆ వారంలోనే ఉంది. అగ్రిమెంట్లో విపత్తు క్లాజు ఉంది, ‘తుఫాను’ అన్న మాట కూడా ఉంది. కానీ 72 గంటల్లోగా మెయిల్ ద్వారా నోటీసు ఇస్తేనే ఆ క్లాజు పనిచేస్తుంది.

కరెంటు లేదు, టవర్లు లేవు, ఫోన్లో చార్జింగ్ లేదు. తాగే నీళ్ల కోసం జనం ట్యాంకర్ల వెంట పరుగెత్తుతున్నారు. రోడ్డు మీద చెట్లు తొలగించాక బావ బండి మీద శ్రీకాకుళం దాకా వచ్చి, మా అక్క వాళ్లింట్లో ఫోన్ చార్జింగ్ పెట్టుకుని, ఆ మెయిల్ పంపాడు. జవాబు ఏం వచ్చిందో తెలుసా? ‘నోటీసు గడువు ముగిసింది కనుక క్లాజు వర్తించదు.’ పెనాల్టీ పట్టేసి మిగిలింది వేశారు.

తుఫాను వస్తోందని వాతావరణ శాఖ ముందే దేశానికంతా చెప్పింది. టీవీల్లో ఆ కొబ్బరి తోటల్ని ఆ పార్టీ వాళ్లూ చూశారు. వాతావరణ శాఖ బులెటిన్‌నే ఆధారంగా పెట్టి, తీరం దాటిన క్షణం నుంచి ఆ జిల్లాలో గడువులన్నీ ఆగిపోతాయని రాయొచ్చు కదా? రాయరు. పెనాల్టీకి తేదీ ఒక్కటి చాలు. తుఫానుకి మాత్రం నువ్వే బతికి బయటపడి, సిగ్నల్ వెతుక్కుని, తుఫాను వచ్చిందని వాళ్లకి చెప్పాలి. బావ ఆ తర్వాత రెండు సీజన్లు అప్పులతోనే నడిపాడు.

మన ఆడిటర్లూ, లాయర్లూ ‘స్టాండర్డ్ ఫార్మాటే కదండీ, పెట్టెయ్యండి సంతకం’ అంటారు. ఎవరి స్టాండర్డ్ అది? బొబ్బిలిలో పెట్టెలు చేసేవాడిని గానీ, పలాసలో జీడిపిక్క కొట్టేవాడిని గానీ పిలిచి అడిగి రాశారా?

ఈ ఏడాది అగ్రిమెంటు డ్రాఫ్టు నా ముందే ఉంది. ‘జీఆర్‌ఎన్ తేదీ’ అన్న ప్రతి చోటా కొట్టేసి ‘గేటు ఎంట్రీ తేదీ’ అని రాశాను. 90 కొట్టేసి 45 వేశాను. పేపర్ రేటు దగ్గర ‘ఇరుపక్షాల అంగీకారంతో’ తీసేసి, పెరిగినా తగ్గినా మరుసటి నెల ఒకటో తేదీ నుంచి అని పెట్టాను. విపత్తు క్లాజులో నోటీసు గడువు, ఊళ్లో కరెంటూ ఫోనూ తిరిగి వచ్చిన రోజు నుంచి మొదలవుతుందని చేర్చాను. సోమవారం పొద్దున్నే పంపిస్తాను, ఆ 6:40 స్టాంపు ఫొటోతో కలిపి. ఎన్ని ఎర్ర గడులు వస్తే అన్నీ రానివ్వండి, ఎవరి టేబుల్ మీదకి వెళ్తే వాళ్ల టేబుల్ మీదకి వెళ్లనివ్వండి. ఆ డెబిట్ నోటు రద్దు చేసేదాకా నేను సంతకం పెట్టను.