గోడకి మేకు కొట్టరాదు

అపార్ట్‌మెంట్లలో చిత్రకళ పెద్ద సమస్యగా ముదురుతోందని ఏ సంక్షేమ సంఘమూ ఇంతవరకు గుర్తించినట్టు లేదు. లిఫ్టులో కుక్కల గురించి మీటింగులు పెట్టుకున్నాం. పార్కింగ్ గురించి పోలీస్ స్టేషన్ దాకా వెళ్ళొచ్చాం. కానీ రిటైరైన బ్యాంకు ఆఫీసరొకాయన తన కాన్వాసులన్నీ క్లబ్‌హౌస్‌లో పేర్చి, 'శని, ఆదివారాల్లో కుటుంబసమేతంగా విచ్చేసి నా చిత్రాలను తిలకించగలరు' అని వాట్సాప్ గ్రూపులో పెడితే మాత్రం ఒక దండం బొమ్మ, రెండు చప్పట్ల బొమ్మలు పడేసి ఊరుకుంటున్నాం. విషయం ఎంత దూరం వెళ్ళిందో మనకి అర్థం కావడం లేదు.

ఆయన చందా అడగలేదు. అడిగితే ఇచ్చేసి తలుపేసుకోవచ్చు. ఒకచోట నిలబడి, ఫోను జేబులో పెట్టుకుని, కదలని వస్తువునొకదాన్ని కాసేపు చూడమంటున్నాడు. ఇరుగుపొరుగువాళ్ళు ఈ మధ్యకాలంలో ఎవరూ ఇంత పెద్ద కోరిక కోరలేదు.

సంఘం తన వంతు జాగ్రత్త తీసుకుందనే చెప్పాలి. క్లబ్‌హౌస్ ఇస్తూనే షరతులు పెట్టింది. గోడకి మేకు కొట్టరాదు. టేపు అంటించరాదు, పెయింట్ ఊడిపోతుంది. (ఆ భవనంలో అందరూ మనస్ఫూర్తిగా గౌరవించే పెయింట్ అదొక్కటే. దానికి వారంటీ కూడా ఉంది.) టేబుల్ టెన్నిస్ బల్ల జరపరాదు. దాంతో రాధాకృష్ణులు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. ధ్యానబుద్ధుడు పురికొసతో కిటికీ గ్రిల్లుకి వేలాడాడు. ఎడ్లబండి మీద సూర్యాస్తమయం టేబుల్ టెన్నిస్ బల్ల మీద జరిగింది. ఈ అస్తమయం ఎప్పుడు పూర్తవుతుందా అని పిల్లలు బ్యాట్లు పట్టుకుని ఎదురుచూశారు.

ప్రారంభోత్సవానికి స్థానిక నాయకుడొకాయన వచ్చాడు. రిబ్బన్ కత్తిరించాడు, జ్యోతి వెలిగించాడు, శాలువా కప్పించుకున్నాడు. కళలు సమాజానికి ఎంతో అవసరమని చెప్పి, చిత్రాలకి వీపు పెట్టి ఫోటో దిగి వెళ్ళాడు. మర్నాడు పేపరు జోన్ పేజీలో 'ఆకట్టుకున్న చిత్రకళా ప్రదర్శన' అని వార్త. పాల్గొన్నవారి పేర్లన్నీ హోదాలతో సహా ఉన్నాయి. చిత్రాల్లో ఏముందో ఒక్క ముక్క లేదు. విలేకరిని అని లాభం లేదు, మన సంఘం పంపిన ప్రెస్ నోట్‌లోనే ఆ ముక్క లేదు.

ఇక విమర్శ సంగతి. వచ్చినవాళ్ళు అనే మాటలు మూడే. 'మీరే వేశారా?' 'ఎన్నాళ్ళు పట్టింది?' 'అచ్చం ఫోటోలా ఉందండీ!' మొదటిది అనుమానం, రెండోది ఆడిట్, మూడోది సన్మానం. రెండో ప్రశ్నకి జవాబు చెప్పేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి. ఆక్రిలిక్ రంగు అరగంటలోపే ఆరిపోతుంది కాబట్టి మధ్యాహ్నం మొదలుపెడితే టీ వేళకి బొమ్మ పూర్తవుతుంది. కానీ ఆ మాట చెబితే బొమ్మ విలువ అక్కడికక్కడే పడిపోతుంది. నెలరోజులు అనాలి. భార్య పక్కనుంటే రెండు నెలలు అన్నా ఆమె సాక్ష్యం చెబుతుంది, ఇల్లంతా ఆ కంపేనని.

బొమ్మలో ఆడమనిషి ఉంటే ఇంకో మాట కలుస్తుంది: 'బాపు బొమ్మలా ఉంది.' బాపు గీత ఎంత పొదుపో, ఈ కాన్వాసు మీద రంగు ఎంత ధారాళమో ఎవరూ పోల్చి చూడరు. ఇంకాస్త పెద్దవాళ్ళు చందమామ అట్ట మీద వడ్డాది పాపయ్య వేసిన బొమ్మలు గుర్తుచేసుకుని, అక్కణ్ణుంచి చిన్నప్పటి కబుర్లలోకి వెళ్ళిపోతారు. ఎదురుగా ఉన్న చిత్రం మీంచి చూపు తప్పించుకోవడానికి ఇంతకన్నా మర్యాదైన దారి లేదు.

నిజానికి చూడాల్సినవి ఉన్నాయి. మనిషి చెయ్యి వేయడం మహా కష్టం, వేళ్ళు వంకాయల్లా వస్తాయి. అందుకని మన ఆఫీసరుగారి పల్లెపడుచులందరూ చేతుల్ని కొంగులోనో, చెరువు నీళ్ళలోనో, బిందె వెనకో దాచుకున్నారు. కృష్ణుడికి పిల్లనగ్రోవి తప్పదు కదా, అక్కడ మాత్రం వెన్నెల తగ్గించేశారు. ఇంత పకడ్బందీ ఏర్పాటుని కనిపెట్టింది ఒక్క ఆరేళ్ళ పాప. 'తాతయ్యా, ఈ అక్కకి చేతులు లేవా?' అంది. వాళ్ళమ్మ గబగబా సమోసాల వైపు లాక్కెళ్ళిపోయింది. ప్రదర్శన మొత్తంలో బొమ్మని చూసి అడిగిన ప్రశ్న అదొక్కటే. దానికి జవాబు రాలేదు.

పెద్దలు మాత్రం లెక్కలోకి దిగారు. ఔత్సాహిక చిత్రకారులు ధర కట్టే పద్ధతుల్లో చదరపు అంగుళం పద్ధతి ఒకటి. 24 అంగుళాలు, 36 అంగుళాలు, అంటే 864 చదరపు అంగుళాలు. అంగుళానికి 10 రూపాయలు చొప్పున 8,640 అని చీటీ అంటించారు. హైదరాబాద్‌లో చదరపు అంటే చాలు, ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. సి బ్లాకు పెద్దమనిషి వెంటనే ఫోను తీసి గుణించాడు.

'ఎస్‌ఎఫ్‌టీకి 1,440 పడుతోంది సార్. ఆరడుగులు. ఇది కార్పెట్ ఏరియానా, ఫ్రేము కూడా కలిపారా?'

'ఫ్రేము వేరేనండి.'

'అదే, కామన్ ఏరియా అన్నమాట. రీసేల్ ఉంటుందా?'

చిత్రకారుడు ఇబ్బందిగా నవ్వాడు. పెద్దమనిషిది పరిహాసమేమీ కాదు. తాను అర్థం చేసుకోగల ఏకైక భాషలో ఆ చిత్రాన్ని అర్థం చేసుకోవడానికి నిజాయితీగా ప్రయత్నించాడు. చివరికి, కార్నర్ బిట్ ఏదైనా ఉంటే చెప్పమని వెళ్ళాడు.

ఏడు గుర్రాల బొమ్మ దగ్గర మరీ రద్దీ. అది చిత్రం కింద లెక్క కాదు, వాస్తు పరికరం. ఒకావిడ గుర్రాల మొహాలు ఎటున్నాయో చూసి, తమ హాల్లో పెడితే అవి బాల్కనీ వైపు పరిగెత్తి డబ్బంతా బయటికి మోసుకుపోతాయని తేల్చింది. తిప్పి వేయగలరా అని అడిగింది. ఆవిడ భర్త కాళ్ళు లెక్కపెట్టి ఇరవై ఆరే ఉన్నాయన్నాడు. 'మిగతావి దుమ్ములో ఉన్నాయండి' అన్నారు ఆఫీసరుగారు. అయినా ఆ దంపతులకి మనసొప్పలేదు. దుమ్ములో కాళ్ళుంటే అప్పులు మిగులుతాయట.

ఈ విషయంలో జనాన్ని ఎలా నిందిస్తాం? సాలార్‌జంగ్ మ్యూజియంలో రవివర్మ చిత్రాలున్నాయి. అయినా జనం గుమిగూడి కూర్చునేది సంగీత గడియారం ముందు. ఎందుకంటే గంటగంటకీ బుల్లి మనిషి బయటికొచ్చి గంట కొడతాడు. ఎప్పుడు చూడాలో, ఎంతసేపు చూడాలో, ఎప్పుడు లేచిపోవచ్చో అంతా స్పష్టం. రాధాకృష్ణుల వెనక కూడా అలాంటి ఏర్పాటొకటి చేస్తే సంఘం ఆలోచిస్తుంది.

చూడటం వల్ల వచ్చే ప్రమాదాలు కూడా తక్కువేం కాదు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే దొర దామెర్ల రామారావు అనే కుర్రాడి బొమ్మల్ని అశ్రద్ధ చేయకుండా చూశాడు. ఏమైంది? కుర్రాడు బొమ్మలు నేర్చుకోవడానికి బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూలుకి వెళ్ళాడు. తిరిగొచ్చి రాజమండ్రిలోనే చిత్రకళాశాల పెట్టి ఆ జబ్బు మరికొందరికి అంటించాడు. 1925లో, 28 ఏళ్ళు నిండకుండానే ఆయన పోయినా వ్యవహారం అక్కడితో ఆగలేదు. ఆయన పేరిట చిత్రశాల ఈనాటికీ ఉంది. ఒక్క ప్రిన్సిపాల్ కాస్త ముందే ఫోను చూసుకోవడం అలవాటు చేసుకుని ఉంటే ఇదంతా తప్పేది.

మన కాలనీలో కళ మీద ఇంతకన్నా మంచి విధానం ఉంది. సంక్రాంతికి ఆడవాళ్ళు తెల్లవారుజామున నడుం వంచి, స్కేలు లేకుండా, చెరపడానికి రబ్బరు లేకుండా, ఇరవై ఒక్క చుక్కల ముగ్గు పెడతారు. ఒక స్టీలు డబ్బా బహుమతిగా ఇస్తాం. మర్నాటికి కార్లు తొక్కేస్తాయి. ధర, గోడ, మేకు, ఏ గొడవా లేదు. వాళ్ళెవరూ తమని చిత్రకారులని పిలవమనలేదు, మనమూ పిలవలేదు.

కాన్వాసు అలా చెరిగిపోదు. అమ్ముడుపోనివి గృహప్రవేశాలకి కానుకలుగా బయల్దేరతాయి. పుచ్చుకున్నవాళ్ళు దాన్ని తలుపు వెనక పెడతారు. చిత్రకారుడు ఇంటికొస్తున్నాడంటే మంచం కిందున్నా సరే, పది నిమిషాల్లో హాల్లోకి తెస్తారు. అసలా పది నిమిషాల కోసమే ఈ మధ్య గేటు దగ్గర సెక్యూరిటీ యాప్ పెట్టారేమో అనిపిస్తుంది.

ఇదంతా చెబితే ఔత్సాహికులందరిదీ ఒకే సమాధానం: డచ్ చిత్రకారుడు వాన్‌గో. ఆయన బొమ్మలు కూడా బతికుండగా ఎవరు కొన్నారు అంటారు. ఎవరు కొన్నారో చరిత్రలో ఉంది. 1890లో బ్రస్సెల్స్ ప్రదర్శనలో ఎర్ర ద్రాక్షతోట చిత్రాన్ని అన్నా బోష్ అనే ఆవిడ 400 ఫ్రాంకులకి తీసుకుంది. ఆవిడా చిత్రకారిణే, ఆ ప్రదర్శన పెట్టిన బృందంలో మనిషే. ఆవిడ తమ్ముడు వాన్‌గోకి స్నేహితుడు. మన లెక్కలో పక్క బ్లాకువాళ్ళే.

ఆదివారం సాయంత్రం మన క్లబ్‌హౌస్‌లోనూ ఒకటి అమ్ముడైంది. కొన్నావిడ బి బ్లాకు, తంజావూరు పద్ధతిలో బొమ్మలు వేస్తుంది. చదివింపుల పుస్తకంలో రాసుకున్నట్టు ధర చీటీ మడిచి పర్సులో పెట్టుకుని, వచ్చే నెల తన ప్రదర్శన ఉందని, అన్నయ్యగారు తప్పకుండా రావాలని పిలిచి వెళ్ళింది. తంజావూరు బొమ్మకి బంగారు రేకు వాడతారు. బంగారం ధర ఎలా ఉందో తెలిసిందే. ఆఫీసరుగారు అప్పటినుంచీ పెన్షన్ పాస్‌బుక్ తిరగేస్తున్నారు.