అమ్మమ్మ సీసా మీద రెండు మ్మలు

పోయిన డిసెంబర్లో విజయవాడ వెళ్లినప్పుడు బీసెంట్ రోడ్డులో ఒక ఆవకాయ సీసా కొన్నాను. మూతకి గోనెగుడ్డ, మెడకి పురికొస. కంపెనీ పేరు కింద కుంచెతో గీసినట్టు పెద్ద అక్షరాల్లో "అమ్మమ్మ చేతి రుచి" అని ఉంది. చూడగానే మనసు లాగింది, అబద్ధం ఎందుకు. ఇంటికొచ్చి బల్ల మీద పెట్టుకుని చూస్తే, "అమ్మమ్మ"లో రెండు మ్మలూ అచ్చంగా ఒకటే. మొదటి మ్మ ఒత్తు చివర కుంచె వెంట్రుకలు విడిపోయినట్టు సన్నటి చార. రెండో దానికీ అక్కడే, అంతే పొడుగు చార. ఏ అమ్మమ్మ చెయ్యీ రెండుసార్లు ఒకేలా వణకదు. అది ఫాంటు. (ఆవకాయ మాత్రం బాగుంది.)

చేత్తో చేసినట్టు కనబడాలన్న మోజు ఇప్పుడు బ్రాండ్ల ప్రపంచమంతా ఉంది. కొన్నేళ్ల కిందట పెద్ద పెద్ద కంపెనీలన్నీ పేర్లని ఏ వంపూ లేని బోడి అక్షరాల్లోకి మార్చుకున్నాయి. బ్రిటిష్ ఫ్యాషన్ కంపెనీ బర్బెరీ 2018లో అలాగే చేసి, 2023లో మళ్లీ పాత తరహా అక్షరాలకీ, గుర్రం మీద రౌతు బొమ్మకీ తిరిగొచ్చింది. ఇక్కడ అమెరికాలో మనం వారం వారం వెళ్లే కిరాణా కొట్టు ట్రేడర్ జోస్‌లో ధరల బోర్డులు రాయడానికి కొట్టులోనే ఆర్టిస్టులుంటారు. కోకాకోలా పేరు 1886లో ఆ కంపెనీ లెక్కలు చూసిన ఫ్రాంక్ రాబిన్సన్ రాసిన వంపుల్లోనే దాదాపు ఇంకా నడుస్తోంది. మన దగ్గర అమూల్ పాప 1966 నుంచీ గీసిన బొమ్మే. ఇప్పుడు నిగనిగలాడే బొమ్మ కావాలంటే కృత్రిమ మేధకి నాలుగు మాటలు చెబితే నిమిషంలో వస్తుంది కాబట్టి, నిగనిగకి విలువ పడిపోయింది. అందరికీ గరుకుదనం కావాలి. ఆ గరుకుదనాన్నీ యంత్రమే సరఫరా చేస్తోంది, మన సీసా మీద చేసినట్టు.

నా ఫిర్యాదు గరుకుదనం నకిలీదని కాదు. చేతిపనిలో అసలు సంగతి గరుకుదనమే కాదని. ఇది నాకు ఆటోనగర్‌లో తెలిసింది.

మా బావమరిది లారీకి కొత్త బాడీ కట్టిస్తున్నాడు, నేనూ వెంట వెళ్లాను. అరవై దాటిన పెయింటరు ఒకాయన క్యాబిన్ నుదుటి మీద పేరు రాస్తున్నాడు: శ్రీ లక్ష్మీ తిరుపతమ్మ. సుద్ద రాసిన దారాన్ని ఈ చివరా ఆ చివరా పట్టించి, మధ్యలో లాగి వదిలాడు. గీత పడింది. వెంటనే కుంచె తీస్తాడనుకున్నాను. తీయలేదు. బీడీ కాల్చుకుంటూ ఆ ఖాళీ రేకుని ఐదు నిమిషాలు చూశాడు.

"ఏం చూస్తున్నావు బాబాయ్?" అన్నాను.

"ఒత్తులు ఎక్కడ పడతాయో చూసుకోవాలి బాబూ. తలకట్లదేముంది, ఎలాగోలా ఇముడుతాయి."

నిజమే. ఆ పేరులో బరువంతా "శ్రీ" కిందా, "క్ష్మీ" కిందా, చివరి "మ్మ" కిందా ఉంటుంది. మధ్యలో "తిరుపత" కింద అంతా ఖాళీ. కంప్యూటర్‌లో కొడితే ఎక్కడి ఒత్తు అక్కడే వేలాడుతుంది. ఈయన క్ష్మీ కింది మ ఒత్తుని కాస్త కుడికి జరిపి "తి" కిందికి తోశాడు. చివరి మ్మ ఒత్తుని వెనక్కి లాగి, "పత" కింద లతలాగా సాగదీశాడు. పేరు మొత్తం ఒక పడవలా కూర్చుంది. ఎక్కడా గరుకు లేదు, కారిన రంగు లేదు, చెయ్యి వణకలేదు. అయినా అది ఆ రేకుకి, ఆ పేరుకి మాత్రమే సరిపోయే రాత. ఇంకో లారీ మీద అతికిస్తే నప్పదు.

ఫాంటుకి ఈ చూపు ఉండదు, ఉండమనడం న్యాయమూ కాదు. ఇంగ్లీషు చేతిరాత ఫాంట్లలో మంచివాటికి ఒక్కో అక్షరానికి రెండు మూడు రూపాలు గీసి, మార్చి మార్చి వచ్చేలా పెడతారు. తెలుగులో గుణింతాలూ ఒత్తులూ కలిపితే వందల రూపాలు. అవి ఒక్కసారి గీయడమే గగనం. అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర వాళ్లు రవిప్రకాశ్, లక్కిరెడ్డి, పొన్నాల లాంటి ఫాంట్లని ఉచితంగా ఇచ్చారంటే దణ్ణం పెట్టాల్సిందే. బాపు గారి రాత కూడా ఫాంటయింది, సగం పెళ్లి శుభలేఖలు దాని మీదే నడుస్తున్నాయి. కానీ ఆయన స్వయంగా రాసిన శీర్షికా, ఆ ఫాంటులో కొట్టిన శీర్షికా పక్కపక్కన పెట్టి చూడండి. ఆయన రాసినప్పుడు పక్క అక్షరాన్ని చూసి రాశారు.

ఇక ఇక్కడి మన తెలుగు సంఘాల సంగతి. ఒక ఏడాది ఉగాదికి పెద్ద బ్యానరు ముద్రించి తెచ్చారు. వేదిక మీద ఎనిమిదడుగుల "స్‌వాగతం". అప్పటి ఫొటోషాప్‌లో భారతీయ లిపుల కోసం ఒక సెట్టింగు విడిగా మార్చాల్సి వచ్చేది. మార్చకపోతే ఒత్తు ఊడి పొల్లు తేలేది. ముద్రించినవాడికి తెలుగు రాదు, ఆర్డరిచ్చినవాడు చూసుకోలేదు. ఆ రోజు ఫొటోలన్నిట్లో మనం ఆ పొల్లు కిందే నవ్వుతూ నిలబడ్డాం.

పాతదంతా గొప్పదని నేననను. చేత్తో రాసిన బోర్డుల్లో వికారమైనవీ, అచ్చుతప్పులూ ఎన్ని లేవు? చిన్న కొట్టువాడికి గంటలో వచ్చే ఫ్లెక్సీ వరమే. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్లాస్టిక్ ఫ్లెక్సీలు నిషేధిస్తున్నామని ప్రకటించినప్పుడు బ్యానర్లు రాసేవాళ్లకి మళ్లీ పని దొరుకుతుందేమో అనుకున్నాను. మొన్న వెళ్లినప్పుడు బెంజి సర్కిల్ దగ్గర తలెత్తి చూస్తే పుట్టినరోజు శుభాకాంక్షలు ఎప్పటిలాగే వేలాడుతున్నాయి.

నేనడిగేది చిన్నది. సంఘం పత్రికంతా, కరపత్రాలన్నీ చేత్తో రాయించమనడం లేదు. సంబరాల పేరొక్కటి, ఆ ఒక్క మాట, అక్షరం తెలిసినవాడి చేత రాయించండి. కాగితం మీద రాసింది ఫోన్లో ఫొటో తీసి పంపినా చాలు, శుభ్రం చేసి ముద్రించుకోవచ్చు. వేదిక పూలకి పెట్టే ఖర్చులో ఎన్నో వంతూ కాదు. ఇచ్చేది మాత్రం లారీ రేటు కాదు, డిజైనరు రేటు ఇవ్వండి. కింద పేరు వేయండి.

ఈసారి సంబరాల పేరు "మనమంతా". నేను ఆగకుండా ఆటోనగర్ బాబాయ్‌కి ఫోన్ చేశాను. దేని మీద వేస్తారని అడిగాడు. టీషర్టుల మీద అన్నాను.

"చొక్కా మీదైతే బొజ్జ దగ్గర వంపు తిరుగుద్ది కదా బాబూ. మీవాళ్లు లావుగా ఉంటారా, సన్నంగా ఉంటారా?"

మధ్యస్థంగా అన్నాను, సంఘం పరువు కాపాడుతూ. మూడో రోజుకి వాట్సాప్‌లో వచ్చింది. మొదటి మ నిటారుగా, రెండోది సున్నాకి చోటిస్తూ కొంచెం ఒదిగి. కమిటీ గ్రూపులో పెట్టాను. పది నిమిషాల్లో ఒక మెసేజ్: "చాలా బాగుంది అన్నా, కానీ రెండు మలు ఒకేలా లేవు. సరిచేయించగలరా?"

ఇంకా జవాబివ్వలేదు.